దత్తాంశం ముందు రాయండి
(మన బడి స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు "నేనా?" అని రెండుసార్లు అడిగాను. మన కోరుట్ల బడిలో చదివి డాక్టర్లు, ఇంజనీర్లు, పంతుళ్లు అయినవాళ్లు ఇక్కడ ఎంతోమంది ఉన్నారు. నేను జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం వాణ్ణి. ఇరవై నాలుగేండ్లుగా అదే పని. అప్పుడు మన సంఘం కార్యదర్శి అన్నాడు: "పిల్లలను ప్రశ్నలు చీటీల మీద రాసియ్యమన్నం. ఎక్కువ చీటీలు నీ దుకాణానికే వచ్చినయి."

చీటీలు తెప్పించుకొని చూశాను. "యాభై వేలల్ల గేమింగ్ పీసీ వస్తదా సార్?" "ఐ5 మంచిదా, ఐ7 మంచిదా?" "ర్యామ్ ఎంతుండాలె?" ఇట్లాంటివే చాలా ఉన్నాయి. ఒక చీటీ మాత్రం నా జేబులోనే పెట్టుకున్నాను. "మా బాపు దుబాయ్ నుంచి పైసలు పంపుతనన్నడు. మోసపోవద్దంటే ఏం చెయ్యాలె?" అని ఉంది. పేరు రాయలేదు. ఈ కాసేపు నేను మాట్లాడేది ఆ చీటీ రాసిన పిల్లవాడికో, పిల్లకో జవాబు. మిగతావాళ్లు ఓపికతో వినండి.

మన లెక్కల సారు మీ అందరికీ గుర్తుండే ఉంటారు. సిద్ధాంతం రాయమంటే ముందు దత్తాంశం, తర్వాత సారాంశం, తర్వాత నిర్మాణం, ఆఖరుకు ఉపపత్తి. దత్తాంశం రాయకుండా బొమ్మ గీయడం మొదలుపెడితే సుద్దముక్క వచ్చి నెత్తి మీద పడేది. "ఇచ్చిందేందో తెల్వకుంట నువ్వు సాధించేదేంది రా?" అనేవారు. పదో తరగతిలో నాకు లెక్కల్లో వచ్చినవి అత్తెసరు మార్కులే. అయినా దుకాణంలో నాకు రోజూ పనికొచ్చిన పాఠం అదొక్కటే. కంప్యూటర్ కొనబోయి మోసపోయిన వాళ్లలో చాలామంది దత్తాంశం రాయకుండా బొమ్మ గీసినవాళ్లే.

మా ఇంట్లో జరిగిన సంగతే చెప్తాను.

మా అక్కను సిరిసిల్ల ఇచ్చాం. బావ ఆసాముల దగ్గర సాంచెలు నడుపుతాడు. అక్క బీడీలు చుడుతుంది. 2017 నుంచి బతుకమ్మ చీరెల పని ఉన్నప్పుడు ఇల్లు కొంచెం తేరుకుంది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక సిరిసిల్లలో చాలా సాంచెలు ఆగిపోయాయి. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పిలగాని ఇంటర్ అయిపోయింది. కంప్యూటర్ కావాలంటున్నడు. ఆటలదట. నువ్వు చెప్తే వింటడు."

డబ్బు ఎంత ఉందని అడిగాను. అక్క చిట్టి ఎత్తుకున్నది 38 వేలు. మేనల్లుడు రెండు ఎండాకాలం సెలవుల్లో జిరాక్స్ సెంటర్‌లో పనిచేసి దాచుకున్నది 12 వేలు. మొత్తం 50 వేలు. ఆ సంవత్సరంలో ఆ ఇంటికి యాభై వేలంటే ఏమిటో నాకు తెలుసు. తప్పు వస్తువు కొంటే మళ్లీ కొనే దారి లేదు.

అల్లుడు జగిత్యాల వచ్చాడు. చేతిలో మూడు కాగితాలు.

మొదటిది ఎవరో అమ్మకందారు ఇచ్చిన కొటేషన్. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, రంగు లైట్ల క్యాబినెట్, మానిటర్‌తో సహా 27,500 రూపాయలు. "మామా, ఐ7 గింత తక్కువకు దొరుకుతుంటే యాభై వేలు ఎందుకు?" అన్నాడు.

పిల్లలూ, మీ చీటీల్లో సగం ప్రశ్నలకు జవాబు ఇక్కడే ఉంది. ఐ7 అనేది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో తాత ఉంటాడు, మనుమడు ఉంటాడు. ఎవరన్నది వెనుక ఉండే అంకె చెప్తుంది. ఆ కొటేషన్‌లో అంకె రాయలేదు. ఫోన్ చేయించి అడిగిస్తే ఐ7-3770 అన్నారు. అది 2012లో వచ్చింది, నాలుగు కోర్లది. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ కూడా నాలుగు కోర్లదే, కానీ పని విషయంలో ఆ పాత ఐ7ను చాలా వెనుక వదిలేస్తుంది. పైగా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఇంటెల్‌వి ఎనిమిదో తరం నుంచి మొదలవుతాయి. ఇది మూడో తరం. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేస్తామని వాళ్లే ప్రకటించారు. మావాడు ఆడే వాలొరెంట్ ఆట విండోస్ 11లో నడవాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండి తీరాలి. ఆ పాత బోర్డుల్లో అది ఉండదు.

4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్ అన్నది జీటీ 730. అది 2014 నాటిది. 4 జీబీ అంటే కార్డు మీద ఉన్న మెమొరీ, దాని బలం కాదు. ఎడ్లబండికి పెద్ద తొట్టి కడితే లారీ అవుతుందా? తొట్టిలో ఎక్కువ పడుతుంది, అంతే. లాగేది ఆ రెండు ఎడ్లే.

ఆఫీసు పనికి, టైపింగ్ నేర్చుకోవడానికి అట్లాంటి పాత యంత్రం తక్కువ ధరకు తీసుకుంటే తప్పులేదు. నేనూ అమ్ముతాను, పాతదని చెప్పి అమ్ముతాను. ఆటల కంప్యూటర్ అని చెప్పి అమ్మడమే తప్పు.

రెండో కాగితం వాడి దోస్తు వీడియోలు చూసి రాసిచ్చింది. అది నిజంగా మంచి జాబితా. ఐ3-12100ఎఫ్, హెచ్610 బోర్డ్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డ్, 550 వాట్ల పవర్ సప్లై, క్యాబినెట్. అప్పటి ధరల్లో అన్నీ కలిపి 47,700. "సరిపోయింది మామా" అన్నాడు. "మరి దేంట్ల చూస్తవురా?" అని అడిగాను. మానిటర్ రాయలేదు. కీబోర్డ్, మౌస్ రాయలేదు. యూపీఎస్ రాయలేదు. అవి కలిపితే ఇంకో 11,400. మొత్తం 59,100. మన దగ్గర ఉన్నది 50 వేలు.

మూడో కాగితం మీద ఒక ఫోన్ నంబర్, 11 వేలు అనే అంకె. వాడిన గ్రాఫిక్స్ కార్డ్ అది. 2021 ప్రాంతంలో నాణేల మైనింగ్ కోసం జనం ఈ కార్డులు ఎగబడి కొన్నారు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం ఆ పద్ధతినే మానేసింది. ఇక ఆ కార్డులన్నీ సెకండ్‌హ్యాండ్ బజారుకొచ్చాయి. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ బిల్లు లేదు, వారంటీ లేదు, పెట్టి చూపించమంటే చూపించడు. మొదటి కంప్యూటర్‌కు, అదీ చిట్టి డబ్బుతో, అది వద్దన్నాను.

మూడు కాగితాలూ పక్కన పెట్టి తెల్లకాగితం ఇచ్చాను. "దత్తాంశం రాయి" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మొదటి గీత, డబ్బు: 50 వేలు, అన్నీ కలిపి. రెండో గీత, దేనికి? వాడు "చదువుకు, ప్రాజెక్టులకు" అని రాశాడు. కొట్టేసి మళ్లీ రాయమన్నాను. తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. పిల్లలు ఇంట్లో భయపడి చదువుకని చెప్తారు. మనసులో ఆట ఉంటుంది. మనం చదువుకు సరిపోయేది కొనిస్తాం. ఆరు నెలలకు అది వాడికి పనికిరాదు, మన డబ్బూ తిరిగి రాదు. దత్తాంశంలో అబద్ధం రాస్తే జవాబు ఎట్లా సరిగ్గా వస్తుంది? అప్పుడు వాడు నిజం రాశాడు: "దోస్తులతోని వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. జీటీఏ 5. తర్వాత పెద్ద ఆటలు. ఇంజనీరింగ్‌ల చేరితే కోడింగ్."

ఆ కాగితం అక్కకు చూపించాను. "అయితే ఆటలకే?" అంది. వాడు తల దించుకొని "ఆటలకే అమ్మా, మొదలు" అన్నాడు. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాత్రి పది దాటితే బందు" అంది. నిజం రాసినందువల్ల ఆ షరతు కూడా ముందే తేలిపోయింది. ఇంకో మాట. ఆట వేరు, డబ్బు పెట్టి ఆడేది వేరు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటలను 2017లోనే నిషేధించారు. ఆ తేడా పిల్లలకు చెప్పాల్సింది మనమే.

మూడో గీత, ఏ తెర మీద? సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడుస్తుంది. ఆటకు 60 ఉంటే సాఫీగా ఉంటుంది. తుపాకి ఆటల్లో 100 ఉంటే చేతికి కంటికి తేడా తెలుస్తుంది. 1080పి అనే మామూలు ఫుల్ హెచ్‌డీ తెర, సెకనుకు 100 బొమ్మలు చూపగలది, చాలనుకున్నాం. తెర అంతకంటే పెద్ద రెజల్యూషన్‌ది కొంటే దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డ్ కొనాలి. తెర నిర్ణయం కాకుండా కార్డు నిర్ణయం చేయడమంటే కాలు కొలవకుండా చెప్పులు కొనడమే.

నాలుగో గీత, కరెంటు. ఇది ఎవరి వీడియోలోనూ ఉండదు. మన దగ్గర కరెంటు ఎట్లా వచ్చి పోతుందో మీకు తెలుసు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2008లో కోరుట్ల దగ్గరి ఒక పల్లె నుంచి మస్కట్‌లో పనిచేసే అన్న ఒకాయన వచ్చి, తమ్ముడికి కంప్యూటర్ కట్టియ్యమన్నాడు. గ్రాఫిక్స్ కార్డ్ పెట్టమన్నాడు, ధర తగ్గించమన్నాడు. నేను పవర్ సప్లైలో తగ్గించాను. పైన 500 వాట్లు అని ముద్ర ఉన్న చౌక డబ్బా పెట్టాను. పద్నాలుగు వందలు మిగిలాయి. ఏడాది తిరగకముందే ఒక రాత్రి కరెంటు వచ్చి పోతుంటే అది కాలిపోయింది. పోతూ పోతూ బోర్డును, హార్డ్ డిస్కును కూడా తీసుకుపోయింది. ఆ డిస్కులో చనిపోయిన వాళ్ల నాయన ఫోటోలు ఉన్నాయట. ఇంకెక్కడా లేవట. నేను తెచ్చియ్యలేకపోయాను. ఆ అన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకే పవర్ సప్లై సంగతి కొంచెం వివరంగా చెప్తాను. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూడకండి. పక్కన చిన్న పట్టిక అంటించి ఉంటుంది. అందులో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 12ను ఆ అంకెతో గుణించండి. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు, అది నిజమైన 550 వాట్ల డబ్బా. 15 ఉంటే 180 వాట్లు, పైన 450 అని రాసి ఉన్నా సరే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ తినేది ఆ 12 వోల్టులనే. ఏడో తరగతి గుణకారం చాలు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్తుంది. అది ఉండాలి, కానీ అదొక్కటే చాలదు. వారంటీ ఎన్నేండ్లో కూడా చూడండి. అయిదేండ్లు ఇచ్చేవాడు తన సరుకు మీద కొంత నమ్మకంతోనే ఇస్తాడు.

ఇక నిర్మాణం. 59,100ను 50 వేలకు ఎట్లా తేవాలి? ముందు వాడు చెప్పింది, ఒకప్పుడు నేను చేసిందే: "పవర్ సప్లై పదిహేను వందలది పెడదం మామా, యూపీఎస్ తీసేద్దం." అప్పుడు నేను వాడికి చెప్పిన సూత్రం ఒకటే. తర్వాత చేర్చుకోగలిగేది ఇప్పుడు ఆపు. తర్వాత తీసి పారేయాల్సి వచ్చేది ఇప్పుడే మంచిది కొను.

బోర్డు తప్పైతే దానికి సరిపోయే ప్రాసెసర్‌తో సహా మార్చాలి. పవర్ సప్లై తప్పైతే అది తన చుట్టూ ఉన్నవాటిని కాలుస్తుంది. కానీ ఎస్‌ఎస్‌డీ 500 జీబీ చాలకపోతే రేపు ఇంకొకటి పక్కన పెట్టుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డ్ అయితే ఖాళీ స్లాట్‌లో ఎప్పుడైనా గుచ్చుకోవచ్చు. అంటే ఆ జాబితాలో ఖరీదైన వస్తువే ఆపడానికి వీలైన వస్తువు.

కార్డు లేకుండా తెర మీద బొమ్మ ఎట్లా వస్తుంది? ఐ3-12100ఎఫ్‌లో చివరి 'ఎఫ్' అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. కార్డు లేకుంటే తెర నల్లగానే ఉంటుంది. ఏఎమ్‌డీ వాళ్లది రైజెన్ 5 5600జి అని ఉంది. 2021లో దుకాణాలకు వచ్చింది. ఆరు కోర్లు, లోపలే ఓ మోస్తరు గ్రాఫిక్స్. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి సెట్టింగులు తగ్గించి ఆడుకోవచ్చు. జీటీఏ 5 కూడా నడుస్తుంది. కొత్త పెద్ద ఆటలకు మాత్రం చాలదు. దాచకుండా ఇంకోటీ చెప్పాను. రేపు మంచి కార్డు పెట్టినా, 5600 అనే దాని అన్నతో పోలిస్తే ఈ 5600జి కొంచెం వెనుకే ఉంటుంది, దీనిలో క్యాష్ మెమొరీ సగమే కాబట్టి. ఆ కొంచెం నష్టానికి ఒప్పుకుంటేనే ఈ దారి.

వాడి ముఖం చిన్నబోయింది. "గ్రాఫిక్స్ కార్డ్ లేకుంటే అది గేమింగ్ పీసీ ఎట్లైతది మామా? దోస్తులు నవ్వుతరు."

"నువ్వు రాసిన దత్తాంశంల దోస్తుల నవ్వు లేదు గదరా" అన్నాను. నిర్ణయం మాత్రం నేను చెప్పలేదు. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున చాయ్ దగ్గర కాగితం నా ముందు పెట్టాడు.

ప్రాసెసర్ 5600జి 12,000. బీ450 బోర్డ్ 6,000. ర్యామ్ 8 జీబీవి రెండు, 3,200. ఎస్‌ఎస్‌డీ 500 జీబీ 3,200. పవర్ సప్లై 550 వాట్లు 4,000. క్యాబినెట్ 2,600. ఇవి 31,000. మానిటర్ 24 అంగుళాలది 7,600, కీబోర్డ్, మౌస్ 900, యూపీఎస్ 2,900. మొత్తం 42,400. మిగులు 7,600. ఇవి 2024 మే నెలలో మేము కట్టిన లెక్కలు. ధరలు నెలనెలా మారతాయి, మీరు కొనే రోజు మళ్లీ అడగండి. లెక్క పద్ధతి మాత్రం మారదు.

ఇంకో మాట అందరూ మరచిపోతారు. విండోస్ లైసెన్స్ ధర ఇందులో లేదు. వాడు దానికి కింద ఒక ఖాళీ గీత గీసి పెట్టుకున్నాడు. కొనేదాకా తెర మూలన 'ఆక్టివేట్ చేయండి' అని కనబడుతూనే ఉంటుంది. ఉండనీ. దొంగ తాళాలతో తెరిచిన వాటిలో దొంగలూ వస్తారు. ఆ వైరస్‌లు కడగడమే నాకు వారంలో రెండు రోజుల పని.

ఇద్దరం సికింద్రాబాద్ పోయాం. సిరిసిల్ల నుంచి బస్సెక్కి జేబీఎస్‌లో దిగితే, ప్యారడైజ్ దాటి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే అందరికీ తెలుసు. వరుసగా అన్నీ కంప్యూటర్ దుకాణాలే. మన వైపు నుంచి పోయేవాళ్లకు దారి కూడా సులువే. నాలుగు దుకాణాల్లో ధర అడిగాకే కొనాలని ముందే అనుకున్నాం.

అక్కడ మూడు పరీక్షలు ఎదురయ్యాయి. మొదటిది, ముందూ పక్కనా అద్దాలతో, లోపల ఏడు రంగులు తిరిగే క్యాబినెట్. వాడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఎంత అన్నా?" అని కూడా అడిగాడు. ఇంకో రెండు వేల పైచిలుకు. నేను నోరు తెరవలేదు. వాడే కదిలాడు. రెండోది, "బిల్లు వద్దంటే తగ్గిస్తా తమ్మీ" అన్న మాట. బిల్లు లేకుంటే రేపు వారంటీకి ఏ ముఖంతో పోతాం? వద్దన్నాం. మూడోది అన్నిటికంటే మెత్తనిది. డబ్బాలు కట్టేటప్పుడు ఆ కుర్రాడు "ఎనిమిదివి స్టాక్ లేవు, పదహారుది ఒకటే ఇస్తున్న. రెండెనిమిదులు పదహారే గదా" అన్నాడు.

అప్పుడు మా అల్లుడు కాగితం తీశాడు. "లేదన్నా, లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు. ర్యామ్‌నే వాడుకుంటది. రెండు కర్రలుంటేనే రెండు దారుల్ల నడుస్తది. రెండే కావాలె" అన్నాడు. ఆ కుర్రాడు పక్క దుకాణం నుంచి తెప్పించాడు. నాకు ఆ క్షణంలో పైసా వసూలైంది. బోర్డు పెట్టె మీద 5000 సిరీస్‌కు సిద్ధం అని ఉందో లేదో కూడా వాడే చూశాడు. పాత స్టాక్ బోర్డుకు బయాస్ అప్‌డేట్ చేయకపోతే ఈ ప్రాసెసర్‌ను అది గుర్తుపట్టదు.

రాత్రికి సిరిసిల్ల చేరి, మర్నాడు ఇంట్లో చాప మీద అన్నీ పరిచాం. నేను చేయి పెట్టలేదు, చెప్పాను, వాడు బిగించాడు. బావ గోడకు ఒరిగి చూస్తున్నాడు. స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. వాడి చెమటలు చూడాలి. అక్క వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. 42 వేలు చాప మీద ఉన్నాయి, తెర నల్లగా ఉంది.

నేను చెప్పేలోపే బావ అన్నాడు: "గా కర్రలు పెట్టినప్పుడు ఒకదానికి రెండు దిక్కుల టక్కుమన్నది. ఇంకోదానికి ఒక దిక్కే అన్నది." ముప్పై ఏండ్లుగా సాంచెల మోతలో ఏ దారం తెగిందో చెవితో పట్టే మనిషి. కరెంటు తీసి రెండో ర్యామ్‌ను గట్టిగా నొక్కితే టక్కుమంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. మీలో ఎవరి కంప్యూటర్ అయినా మొదటిసారి వెలగకపోతే, ఏడవకముందు ర్యామ్ నొక్కి చూడండి.

ఉపపత్తి కూడా అక్కడే చేశాం. మొదట ఆట అనుకున్నంత సాఫీగా లేదు. రెండు కారణాలు దొరికాయి. ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉన్నా, బయాస్‌లో ఆ ప్రొఫైల్ ఎంచుకోకపోతే తక్కువ వేగంతోనే నడుస్తుంది. మానిటర్ 100 హెర్ట్జ్‌ది కొన్నా, విండోస్ సెట్టింగుల్లో 60 దగ్గరే ఉంది. డబ్బు పెట్టి కొన్నది వాడుకోకుండా ఏండ్లు గడిపేవాళ్లను ఎంతోమందిని చూశాను. రెండూ సరిచేస్తే వాలొరెంట్ చాలావరకు నూరుకు పైనే నడిచింది. తర్వాత వాడికి తెలియాలని ఒక ర్యామ్ కర్ర తీసేసి నడిపించాను. అదే ఆట కంటికి తెలిసేటట్టు కుంటింది. "సాంచె ఎంత జోరుగున్నా కండె అందకుంటే ఆగుడే గదా" అన్నాడు బావ. నేను ఇరవై నాలుగేండ్లుగా కస్టమర్లకు చెప్పలేక తంటాలు పడేది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. ప్రాసెసర్, కార్డు, ర్యామ్, పవర్ సప్లై, ఏ ఒక్కటి అందకపోయినా మిగతా వాటికి పెట్టిన డబ్బు ఊరికే ఎదురుచూస్తుంది.

మిగిలిన 7,600 అక్క చేతిలో పెట్టాం. ఆ జూలైలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఖర్చులకు అవే పనికొచ్చాయి. అప్పు చేయలేదు. గ్రాఫిక్స్ కార్డ్ ఇంకా కొనలేదు. సెలవుల్లో మళ్లీ జిరాక్స్ సెంటర్ పని, నా దగ్గర కొంత పని, వాడి ఖాతాలో ఇప్పటికి 11 వేలు అయ్యాయి. ఆర్‌ఎక్స్ 6600కు ఏఎమ్‌డీ కనీసం 450 వాట్ల పవర్ సప్లై ఉండాలంటుంది. వాడి దగ్గర 550 ఉంది, దానికి కావలసిన ఎనిమిది పిన్నుల తీగ కూడా డబ్బాలో నుంచి వచ్చి క్యాబినెట్‌లో చుట్టి పెట్టి ఉంది. ఆ తీగ ఖాళీగా వేలాడుతుంటే నాకు ముచ్చటగా ఉంటుంది. దోస్తులు నవ్వారా అని అడిగాను. "రెండు రోజులు నవ్విండ్లు మామా. తర్వాత ఒకని ఐ7 ఖరాబైతే నా దగ్గరికే వచ్చిండు" అన్నాడు.

ఇక నా జేబులోని చీటీకి వస్తాను.

బిడ్డా, నువ్వెవరో నాకు తెలియదు. మీ బాపు ఎండలో నిలబడి పంపే రూపాయి అది. మోసపోవద్దంటే ఏం చేయాలని అడిగావు. కొనే ముందు తెల్లకాగితం మీద నాలుగు గీతలు రాయి: ఎంత డబ్బు, నిజంగా దేనికి, ఏ తెర మీద, ఎట్లాంటి కరెంటు మీద. రెండో గీతలో అబద్ధం రాయకు. రాసింది మీ బాపుకు ఫోన్‌లో చదివి వినిపించు. ప్రతి వస్తువుకు పూర్తి అంకె అడుగు, అంకె చెప్పనివాడి దగ్గర కొనకు. బిల్లు తీసుకో. ఆపగలిగింది ఆపు, కాలిపోయేదాంట్లో మాత్రం తగ్గించకు. అంతకంటే పెద్ద విద్య నా దగ్గర కూడా లేదు.

కాగితం రాశాక ఒకసారి చూపించాలనిపిస్తే జగిత్యాల రా. ఈ బడి పేరు చెప్తే చాలు. చూసినందుకు పైసలు తీసుకోను. అయితే దత్తాంశం రాయకుండా వస్తే మాత్రం, చెప్తున్నాను, నా కౌంటర్ మీద కూడా ఒక సుద్దముక్క ఉంటుంది.